గుండె డాక్టరు గారి పదో తరగతి

ఆరోగ్య బీమా ఆఫీసు, డాక్టర్ల నమోదు విభాగం వారికి,

నమస్కారాలు. నేను రిటైరైన హెడ్మాస్టర్ని. నా గుండెలో బ్యాటరీతో నడిచే చిన్న మిషను ఉంది. ఆ బ్యాటరీ అయిపోవచ్చింది. వచ్చే నెల మార్చాలి. పదకొండేళ్లుగా నా గుండె చూస్తున్నది పెద్దాసుపత్రి రెండో అంతస్తు, నాలుగో గదిలో ఉండే గుండె డాక్టరు. నిన్న మీ బీమా కార్డు పట్టుకుని వెళితే, కౌంటరులో అమ్మాయి కంప్యూటరు చూసి, "ఈ నెల నుంచి ఆయన పేరు జాబితాలో లేదు తాతగారూ. కార్డు మీద ఆయన ఆపరేషన్ చెయ్యకూడదు. వేరే డాక్టర్ని ఎంచుకోండి" అంది. ఎంచుకోవడానికి ఇవేమన్నా వంకాయలా? అతను నా శిష్యుడు. నా గుండె చప్పుడు నాకన్నా అతనికే బాగా తెలుసు. వెంటనే ఆ పేరు తిరిగి ఎక్కించగలరు.

ఇట్లు,
హెడ్మాస్టరు (రిటైర్డు)

తా.క.: మీ కౌంటరు దగ్గర అంటించిన నోటీసులో ఆరు తప్పులున్నాయి. ఎర్ర సిరాతో దిద్ది వచ్చాను.

---

గౌరవనీయులైన హెడ్మాస్టరు గారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది. బీమా కింద వైద్యం చేసే ప్రతి డాక్టరు చదువు కాగితాలనూ అయిదేళ్లకోసారి మళ్లీ సరిచూస్తాం. సదరు డాక్టరు గారి కాగితాల్లో ఒకటి తక్కువైంది. నెలాఖరులోగా అది రాకపోతే రెండేళ్ల దాకా సదరు పేరు ఎక్కించడానికి వీల్లేదు. జాబితాలో ఉన్న మిగతా ఏడుగురిలో ఎవరినైనా మీరు ఎంచుకోవచ్చు.

ఇట్లు, విధేయుడు,
నమోదు విభాగం గుమస్తా

తా.క.: నోటీసు దిద్దింది మీరని మా ఆఫీసరు గారికి చెప్పలేదు. దాన్ని రాసింది ఆయనే.

---

గుమస్తా గారికి,

ఆశీస్సులు. అంటే అతను దొంగ డాక్టరని మీ అనుమానమా? సాక్ష్యం నేను చెబుతున్నాను, రాసుకోండి. వాణ్ణి బళ్లో "నత్త" అనేవాళ్లం. తొమ్మిదో తరగతిలో సైన్సు తప్పాడు. కప్పను కొయ్యమంటే కళ్లు తిరిగి పడిపోయాడు. వాడి మొహాన నీళ్లు కొట్టేలోపు కప్ప కిటికీలోంచి పారిపోయింది. అలాంటివాడు పట్టుబట్టి చదివి, పదిలో బడికే మొదటివాడయ్యాడు. ఇంతకన్నా ఏం యోగ్యత కావాలి? ఆ మిగతా ఏడుగురూ తొమ్మిదో తరగతి ఒక్క గెంతులో దాటేసిన వాళ్లే అయ్యుంటారు. పడి లేచినవాడి చేతిలోనే నా గుండె ఉండాలి.

ఇట్లు,
హెడ్మాస్టరు (రిటైర్డు)

తా.క.: మీ ఉత్తరం దిద్ది తిప్పి పంపుతున్నాను. "సదరు" అనే మాట లేకుండా మళ్లీ రాయండి. పదికి నాలుగు.

---

గౌరవనీయులైన హెడ్మాస్టరు గారికి,

నమస్కారం. మీ సాక్ష్యాన్ని ఫైల్లో పెట్టాను. పెట్టకుండా ఉండాల్సింది. మా ఆఫీసరు గారు దాన్ని ఫిర్యాదు అనుకున్నారు. సైన్సు ఎందుకు తప్పారో, కప్ప ఏమైందో వారంలోగా సంజాయిషీ ఇమ్మని డాక్టరు గారికి మెమో వెళ్లింది. ఫిర్యాదుదారు అన్నచోట మీ పేరు పడింది.

అసలు తక్కువైన కాగితం పదో తరగతి ఒరిజినల్ సర్టిఫికెట్టు. పెద్ద చదువుల పట్టాలన్నీ సక్రమంగానే ఉన్నాయి. పదో తరగతిది మాత్రం నకలు ఇచ్చారు. కొత్త నిబంధన ప్రకారం నకలు చెల్లదు.

ఇట్లు, విధేయుడు,
గుమస్తా

తా.క.: ఈసారి ఆ మాట ఎక్కడా వాడలేదు. గమనించగలరు.

---

గుమస్తా గారికి,

నా శిష్యుడి మీద నేను ఫిర్యాదా! మీ ఆఫీసరుకి చదవడం ఎవరు నేర్పారు?

వెంటనే ఆసుపత్రికి వెళ్లాను. నాలుగో గది బయట పన్నెండు మంది బెంచీల మీద కూర్చుని ఉన్నారు. తలుపు తియ్యగానే, యాభై ఏళ్ల మనిషి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "సర్టిఫికెట్టు ఎక్కడరా?" అన్నాను. ఫ్యాను వైపు చూశాడు. "వెతుకుతున్నాను మాస్టారూ" అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. అబద్ధమాడితే చిన్నప్పుడూ అంతే. పారేసుకుని ఉంటాడు! నిర్లక్ష్యం నేను సహించను. మా బళ్లో లైబ్రరీ పుస్తకం తిరిగివ్వని వాడికి సర్టిఫికెట్టు చేతికిచ్చేవాణ్ణే కాదు, అంత కచ్చితం. తలుపు తీసే ఉంది. ఆ పన్నెండు మందీ వింటుండగా అరగంట తిట్టాను. తలొంచుకుని విని, నా బీపీ చూసి, మాత్ర పెంచాడు.

గుమస్తా గారూ, నిజం చెబుతున్నాను, నాకు భయంగా ఉంది. మిగతావాళ్లు బాగా చెయ్యరని కాదు. ఆ బల్ల మీద కళ్లు మూసుకునేముందు నాకు తెలిసిన మొహం కనిపించాలి.

ఇట్లు,
హెడ్మాస్టరు

తా.క.: పదికి ఆరు.

---

పూజ్యులైన మాస్టారికి,

ఇది ఆఫీసు ఉత్తరం కాదు. కాగితం నాది, స్టాంపు నాది, తప్పూ నాదే. దరఖాస్తులో పద్నాలుగో గడి, "ఒరిజినల్ జతచేయకపోవడానికి కారణం". అందులో డాక్టరు గారు రాసింది ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను.

"మా హెడ్మాస్టరు గారి దగ్గరే ఉండిపోయింది. శరీరశాస్త్రం పుస్తకం నేను లైబ్రరీకి తిరిగిచ్చేశాను. ఇవ్వలేదన్నారు. ఎదురు చెప్పలేక, నకలు తీయించుకుని చదువుకున్నాను. ఇప్పుడాయన నా పేషెంటు. అడిగితే నొచ్చుకుంటారు. ఆ గుండెకి అది మంచిది కాదు. కావాలంటే నా పేరు తీసెయ్యండి. ఆయన ఆపరేషన్ ఒక్కటీ నేను చేసే దారి ఉంటే చెప్పండి."

ఇది చదివి మా ఆఫీసరు గారు, "కారణం సంతృప్తికరంగా లేదు" అని రాసి, కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. నెలాఖరుకి ఇంకా నాలుగు రోజులున్నాయి.

ఇట్లు,
గుమస్తా

తా.క.: కప్ప గురించి కూడా సంజాయిషీ వచ్చింది. "కళ్లు తిరగలేదు. కప్ప పారిపోవాలనే అలా పడ్డాను. దానికీ గుండె ఉంది కదండీ."

---

చిరంజీవి గుమస్తాకి,

ఆశీస్సులు. ఈ ఉత్తరంతో ఒరిజినల్ పంపుతున్నాను. ముప్ఫై నాలుగేళ్లుగా నా ట్రంకు పెట్టె అడుగున ఉంది.

పుస్తకం కూడా దొరికింది. పెట్టెలో కాదు. పదకొండేళ్ల కిందట వాడే, "మంచం తలవైపు ఎత్తు పెట్టుకోండి మాస్టారూ, ఊపిరి హాయిగా ఆడుతుంది" అన్నాడు. ఇంట్లో ఉన్న పాత పుస్తకాలు తీసి మంచం కోళ్ల కింద పెట్టాను. ఎడమ కోడు కింద అట్టడుగున ఉన్నది అదే. లోపల నా చేతిరాతతోనే ఒక చీటీ ఉంది. "నత్త తిరిగిచ్చాడు. రిజిస్టరులో ఎక్కించాలి." చదువుదామని ఇంటికి తెచ్చుకుని, ఎక్కించడం మరిచిపోయింది నేను. వాడి నిజాయితీని మంచం కింద పెట్టుకుని ఇన్నేళ్లూ హాయిగా నిద్రపోయాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను నాయనా.

ఈ పొద్దున ఆసుపత్రికి వెళ్లాను. పన్నెండు మంది ముందు తిట్టాను కాబట్టి, పన్నెండు మంది ముందే చెప్పాలి. బెంచీల మీద పది మందే ఉన్నారు. మందుల కౌంటరు నుంచి ఇద్దర్ని పిలుచుకొచ్చి, "తప్పు నాదిరా, నీది కాదు" అన్నాను. వాడు ఫ్యాను వైపు చూస్తూ, "ఆవేశపడకండి మాస్టారూ" అని నా నాడి పట్టుకున్నాడు. ఈసారి చెవులు ఎర్రబడలేదు. కళ్లు ఎర్రబడ్డాయి.

ఇట్లు,
ఒక తప్పు దిద్దుకున్న హెడ్మాస్టరు

తా.క.: నీ ఉత్తరానికి పదికి పది. నాకు సున్నా. పుస్తకం తీసేశాక మంచం ఎడమవైపుకి ఒరుగుతోంది. మీ నిబంధనల పుస్తకం మందంగానే ఉంటుంది కదా, పాతది ఒకటి ఉంటే పంపించు. రిజిస్టరులో మాత్రం ఎక్కించుకో.