చూడకుండా చెప్పిన జవాబు

మార్చి 3, సోమవారం

క్రూ రూమ్‌లో ఇవాళ లడ్డూలు పంచారు. కంపెనీ మా కోసం పైలట్స్ ఫోరం పెట్టిందట. ప్రెసిడెంట్ కెప్టెన్ వంశీధర్. సూరత్ బేస్ మేనేజర్ కూడా ఆయనే. డ్యూటీల రోస్టర్ వేసేది ఆయనే, రోస్టర్ మీద ఫిర్యాదు వినేదీ ఆయనే. నవ్వొచ్చింది. లడ్డూ మాత్రం తిన్నాను.

సెక్రటరీగా నా పేరు అనుకుంటున్నారట. మన తెలుగమ్మాయివి, నువ్వుంటే నాకు ధైర్యం అన్నారు. ఆలోచించుకుంటాను సర్ అన్నాను. మేలో నా కమాండ్ ట్రైనింగ్. ఆరేళ్ల నుంచి కుడి సీట్లో ఫస్ట్ ఆఫీసర్‌గా కూర్చున్నాను. ఇక ఎడమ సీటు. కెప్టెన్ కోమలి. రాసుకుంటేనే ఎంత బాగుందో!

మార్చి 5

కెప్టెన్ నరహరి ఆ రోజు లడ్డూ ముట్టలేదు. షుగర్ ఉందేమో అనుకున్నాను. షుగరూ లేదు, ఏమీ లేదు. మొండితనం.

ఆయన విడిగా యూనియన్ రిజిస్టర్ చేయిస్తారట. మన చందా, మన ఎన్నికలు, కంపెనీ వేలు పెట్టకూడదు. దరఖాస్తు మీద కనీసం ఏడు సంతకాలు ఉండాలి. ఆరు వచ్చాయి. ఏడోది నన్ను అడిగారు. ఒక్కసారే అడిగారు, బతిమాలలేదు.

క్రూ రూమ్‌లో పెద్ద రగడ. వంశీధర్ సర్ అన్నదీ కాదనలేం. ఫోరం అయితే ఒక్క ఫోన్‌కాల్‌తో పని అవుతుంది, యూనియన్ అంటే కోర్టులు, వాయిదాలు, మనది చిన్న కంపెనీ, మూతపడితే అందరం రోడ్డు మీదే అన్నారు. నరహరి సర్ ఒకటే అడిగారు. ఫోరం ప్రెసిడెంట్ మనకు నచ్చకపోతే ఎట్ల దింపుతం అని. ఇంతలో ఒకడు, పైలట్లు కూడా జెండాలు పట్టుకుని జిందాబాద్ కొట్టాలా సర్ అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

మార్చి 8

మా క్రూ క్యాబ్ నడిపే మొండయ్యది జగిత్యాల దగ్గర పల్లె. ఇరవై ఏళ్లు ఇక్కడే బమ్రోలీలో మగ్గాలు నడిపి వచ్చాడు. మా గొడవంతా వెనక సీటు మాటల్లోనే విన్నాడు. మా కార్ఖానాల గూడ సేఠు కమిటీ పెట్టిండు మేడం, సేఠు బామ్మర్దే పెద్దమనిషి అన్నాడు. పంకా ఖరాబైందని కమిటీకి చెప్పినోన్ని తెల్లారి గేటు కాడనే ఆపిన్రట. గిట్లనే ఉంటది, జర సోంచాయించుకోండ్రి అన్నాడు.

మగ్గాలకీ విమానాలకీ పోలికేమిటయ్యా అనబోయి ఊరుకున్నాను.

మార్చి 11, మధ్యాహ్నం 2.30



వరుసగా ఐదో రోజు తెల్లవారుజాము డ్యూటీ. ఇవాళ ఇది నాలుగో సెక్టార్, అంటే నాలుగో ట్రిప్పు, ఫ్లై చేసేది నేను. రన్‌వే వైపు టాక్సీ చేస్తుండగా నరహరి సర్ చెక్‌లిస్ట్ చదువుతున్నారు. చెక్‌లిస్ట్ అంటే ఒకరు అడగాలి, రెండోవారు కళ్లతో చూసి జవాబు చెప్పాలి. ఫ్లాప్స్ అన్నారు. సెట్ అన్నాను.

చూడలేదు. వేలసార్లు అన్న మాట, నోరు దానంతటదే అనేసింది. ఫ్లాప్స్ లివర్ జీరోలో ఉంది.

ఆయన చూశారు. విమానం ఆపేశారు. వెనక అరవైమంది. ఫ్లాప్స్, అంటే రెక్కల వెనక పలకలు, దించకుండా రన్‌వే మీద పరుగు మొదలుపెట్టి ఉంటే విమానం లేచేదా! ఆయన అరవలేదు. మొదటి నుంచి చదువుకుందాం అన్నారు, అంతే.

దిగాక, అలసట రిపోర్ట్ రాద్దాం, ఇద్దరం పేర్లు పెట్టి రాద్దాం అన్నారు. మేలో నా కమాండ్ సర్ అన్నాను. ఆయన బ్యాగు తీసుకుని వెళ్లిపోయారు. ఛీ, ఆ సమయంలో నా నోట్లోంచి వచ్చిన మాట అదా?

మార్చి 12

నిద్ర లేదు. ఫోరం యాప్‌లో రిపోర్ట్ పెట్టాను. పేరు గోప్యం అని పైనే రాసి ఉంది. ఫ్లాప్స్ సంగతి, ఐదు తెల్లవారుజాము డ్యూటీల సంగతి, రోస్టర్ మార్చమని, అన్నీ రాశాను. పామూ చావదు, కర్రా విరగదు. గుండె తేలికపడింది.

మార్చి 14

రోస్టర్ మారలేదు.

మార్చి 17, సోమవారం

వంశీధర్ సర్ పిలిచారు. టేబుల్ మీద నా రిపోర్ట్ ప్రింట్. నా పేరు లేదు. ఫ్లైట్ నంబర్ ఉంది. నేనే రాశాను! రిపోర్ట్ అనగానే ఫ్లైట్ నంబర్ పెట్టడం మాకు ట్రైనింగ్ నుంచి అలవాటు. ఆ కాక్‌పిట్‌లో ఉన్నది ఇద్దరం. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

తిట్టలేదు. కాఫీ ఇప్పించారు. నువ్వు జూనియర్‌వి, నీ తప్పేముందమ్మా అన్నారు. కెప్టెన్ చెక్‌లిస్ట్ హడావిడిగా చదివారు, ఫస్ట్ ఆఫీసర్ మీద ఒత్తిడి పెట్టారు అని టైప్ చేసిన స్టేట్‌మెంట్ ముందు పెట్టారు. శుక్రవారం లోపు సంతకం. పక్కనే నా కమాండ్ ఫైల్, కావాలనే తెరిచి ఉంచారు.

సంతకం పెడితే నరహరి సర్ గ్రౌండ్ అవుతారు, ఇక ఎగరనివ్వరు. ఎంక్వైరీలో ఉన్న మనిషి వెనక ఎవరు నిలబడతారు? ఆ ఆరు సంతకాలూ చెదిరిపోతాయి. వాళ్లకు కావలసింది ఫ్లాప్స్ కాదు, ఆయన.

ఇంత తెలిసీ అక్కడ వద్దు అనలేదు. చదివి చెప్తాను సర్ అన్నాను. కుక్కిన పేనులా బయటికి వచ్చాను.

మార్చి 18

నాన్నకు చెప్పేశాను. నాన్న రాధాకృష్ణ గారు హజీరాలో ఒక ఫ్యాక్టరీకి పర్సనల్ మేనేజర్‌గా చేసి రిటైరయ్యారు. మేనేజ్‌మెంట్ మనిషి కదా, సంతకం పెట్టేసెయ్యమ్మా అంటారనుకున్నాను. నిజం చెప్పాలంటే అలా అంటే బాగుండుననే చెప్పాను.

కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నేనూ ఇలాంటి కమిటీ ఒకటి పెట్టించానే అన్నారు. సెక్రటరీగా ఎవర్ని పెట్టేవాళ్లమో తెలుసా, ప్రమోషన్ పెండింగులో ఉన్నవాణ్ణి. వాడికి మనం ఏమీ చెప్పక్కర్లేదు, అన్నీ వాడే సర్దుకుంటాడు అన్నారు.

ఒళ్లు మండింది. నాన్న మీదా, నా మీదా.

మార్చి 19

నరహరి సర్‌కి మొహం చూపించలేక లిఫ్ట్ వదిలేసి మెట్లెక్కాను.

మార్చి 20

నరహరి సర్‌ని పార్కింగ్‌లో పట్టుకుని అంతా చెప్పేశాను. యాప్, ఫ్లైట్ నంబర్, స్టేట్‌మెంట్. ఏడ్చాను కూడా. తిడతారనుకున్నాను. కోమలీ, ఆ దినమే నా పేరు పెట్టి సేఫ్టీ డిపార్ట్‌మెంట్‌కు నేను రాసిచ్చిన అన్నారు. అలసిపోయి ఉండి కూడా ఆ నాలుగో సెక్టార్ ఒప్పుకున్నది నేను, ఆ తప్పు నాది అని రాశారట. మరి నా సంగతి అన్నాను. నీది నువ్వే రాసుకుంటవని ఇడిసిపెట్టిన అన్నారు.

ఏడో సంతకం మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే కోపం తెచ్చుకునేదాన్ని. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు మహానుభావుడు.

మార్చి 21, శుక్రవారం

వంశీధర్ సర్ పెన్ క్యాప్ తీసి మరీ ఇచ్చారు. చదివావా అన్నారు. చదివాను సర్ అన్నాను. నిజంగానే మూడుసార్లు చదివాను.

టైప్ చేసినదంతా కొట్టేసి కింద చేత్తో రాశాను. కెప్టెన్ సరిగ్గానే అడిగారు. నేను చూడకుండా సెట్ అన్నాను. వరుసగా ఐదో ఎర్లీ డ్యూటీ, నేను అన్‌ఫిట్ అని చెప్పాల్సింది, చెప్పలేదు. కింద పేరు, లైసెన్స్ నంబర్, సంతకం.

ఆయన మొహంలో మన తెలుగమ్మాయి అన్న ఆప్యాయత ఏమైపోయిందో! కమాండ్ సంగతి మర్చిపో అన్నారు. నమస్కారం పెట్టి వచ్చాను. ఆరేళ్లు! ఎవరైనా వెనక్కి పిలిస్తే వెళ్లి కాళ్లు పట్టుకునేదాన్నేమో. ఎవరూ పిలవలేదు.

పార్కింగ్‌లో మొండయ్య క్యాబ్ బానెట్ మీద పెట్టి యూనియన్ దరఖాస్తు మొదటి లైన్ నుంచి చదివాను. ఎండ మాడుతోంది. నరహరి సర్ విసుక్కున్నారు, ఇంకెంత సేపు చదువుతవ్ అని. అంతా అయ్యాకే సంతకం పెట్టాను. ఏడు.

మార్చి 24

కొత్త రోస్టర్ వచ్చింది. నా పేరుకెదురుగా అంతా ఖాళీ. నరహరి సర్‌కీ అంతే. ఎంక్వైరీ అయ్యేవరకట. కమాండ్ లిస్ట్‌లో నా పేరు తీసేశారు. బాత్రూంలో నీళ్లు వదిలి ఏడ్చాను.

సాయంత్రం నరహరి సర్ మెసేజ్. దరఖాస్తు అందిందట, రసీదు ఫొటో పంపారు. సంతకాలు పెడతామని కొత్తగా ఇంకో నలుగురు ఫోన్ చేశారట. జిందాబాద్ జోకు వేసినవాడు కూడా.

మార్చి 26

టీ కలిపి తెచ్చాను. స్టవ్ ఆపావా అని నాన్న అడిగారు. ఆపాను అనబోయి, లేచి వెళ్లి చూశాను.

ఆపలేదు.