ఆ మాత్రలు ఒకరికి పనిచేశాయి

నరసమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నిన్న నీ డాక్టరుగారు కబురు పంపితే విశాఖ పెద్దాసుపత్రికి వెళ్లాను.

నీ రక్తపు కేన్సరు ముదిరిపోయిందనీ, ఆ మాత్రలు కొత్తవనీ, వాటినింకా పరీక్షిస్తున్నారనీ ఆయన అప్పుడు దాచకుండా చెప్పారు. నేను వద్దన్నాను.

"నువ్వుండు బావా. నాకు పన్సెయ్యకపోయినా నా ఎనకొచ్చినోల్లకి పన్సేస్తాదేమో" అని నువ్వే చెయ్యి చాపావు. నెల తిరక్కుండా నోరంతా పూసి, గంజి కూడా మింగలేక వెళ్లిపోయావు.

నీ అవస్థ చూశాకే మోతాదు తగ్గించారట. అలా తగ్గించి ఇచ్చిన మాత్రలతో పాతపట్నం ఆవిడొకరు కోలుకుని నిన్న ఇంటికి బయల్దేరింది. రోగం పూర్తిగా పోలేదు గానీ తన కాళ్ల మీద నడుస్తోంది. డాక్టరుగారు నీ సంగతి చెప్పగానే నాకు దణ్ణం పెట్టింది.

"మా వొదిన పేరేటన్నా?" అని అడిగింది. చెప్పాను.

"మెల్లగా దిగే, మెట్లున్నాయి" అంటూ భర్త ఆమె చెయ్యి పట్టుకుని దింపాడు.

ఆమె బతికినందుకు సంతోషించాను నరసమ్మా. కానీ వాళ్ల చేతులు చూసి ఈర్ష్యతో ఒళ్లు మండిపోయింది. ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను.