గురువు కట్టని గజ్జెలు

9-9-2006, శనివారం

మామకు రామసుబ్బమ్మ నమస్కారం పెట్టి రాయడం. ఇంట్లో అందరం తిని తిరుగుతున్నాం. కువైట్‌లో ఎండలు తగ్గాయో లేదో, నీ ఒంట్లో ఎలా ఉందో రాయి.

ఇక్కడ మూడు రోజులుగా మబ్బు పడుతోంది, గాలికి చెదిరిపోతోంది. ఈ రోజు గుట్టకింద చేలో వేరుశనగకు కలుపు తీశాం. నేల గట్టిపడి తొలిక దిగడం లేదు. సగం సాళ్ళు మిగిలాయి. చేతులు కడుక్కొని ఇది రాయడానికి కూర్చున్నాను. ఫోనులో చెప్పే సంగతి కాదు. అంగడి దగ్గర ఫోను ఎత్తితే చుట్టూ నలుగురు చేరతారు.

నువ్వు అడిగినవి ముందు చెబుతాను. అత్తకు కంటి ఆపరేషను బాగానే అయింది. నల్లద్దాలు పెట్టుకొని వాకిట్లో కూర్చుంటోంది. దారిన పోయేవాళ్ళందరినీ పేరు పెట్టి పిలుస్తోంది, సగం మందిని తప్పు పేరుతో. ఎనుము ఈనింది, పెయ్యదూడ. కొట్టం రేకులు మార్పించాను. మన శ్రావణి ఎనిమిదో తరగతికి వచ్చింది, సైకిలు కావాలంటోంది.

చివర గ్రాంటు సంగతి అడిగావు.

ఊరి పిల్లలకు రెండేళ్ళు చెక్కభజన నేర్పిస్తాం, నేర్పే గురువుకు నెలజీతం ఇప్పించండి అని నువ్వు హైదరాబాదు వాళ్ళకు ఆరు పేజీల అర్జీ రాశావు. రిజిస్టరైన సంఘానికే ఇస్తామన్నారని బద్వేలులో ఎరువుల అంగడి రాఘవేంద్రప్రసాద్ సమితి ద్వారా పంపించావు. గురువు అని నీ పేరు ఉన్న చోట అతను తన పేరు రాసుకున్నాడు. అడగడానికి పోతే నిన్ను మధ్యాహ్నం దాకా యూరియా మూటల మీద కూర్చోబెట్టాడు. "హైదరాబాదోళ్ళ ముందర నువ్వు నోరు తెరిస్తే, ఇచ్చేటోళ్ళు గూడా ఇయ్యరప్పా" అన్నాడు. హమాలీలు నవ్వారు. నెల తిరగకుండా నువ్వు కువైట్ పోయావు. పోయేటప్పుడు మరిచిపొమ్మన్నావు. నేను మరవలేదు. నీకు తెలిసినదే మళ్ళీ ఎందుకు రాస్తున్నానంటే, నేను చేసిన పనికి కారణం ఇదే.

శ్రావణ మాసంలో ఒకరోజు ప్రసాద్ మోటారుసైకిలు మీద మన వాకిట్లోకి వచ్చాడు. చేతిలో కోవా పొట్లం.

"వదినా, అన్న బాగుండాడా? గురువారం హైదరాబాదు నుంచి మేడమ్ వస్తాంది, చూసేదానికి. మన జట్టును ఒక్క పూట నిలబెట్టు, చాలు."

"ఎవురు నేర్పినారని చెప్పాల?"

"అదంతా నేను చూసుకుంటా. మీరు నోరు తెరవాకండి, అంతే."

"సరేలేప్పా, తెరవం" అన్నాను.

కోవాను అత్త కుక్కకు వేసింది.

మర్నాడు నీ అర్జీ నకలు పెట్టెలోంచి తీసి చదివాను. ఐదో పేజీలో, చూడడానికి వచ్చినవాళ్ళ ఎదుట గురువు కొత్తవాళ్ళకు గజ్జెపూజ చేయిస్తాడు అని రాశావు. ప్రసాద్ పేరు మార్చాడు గానీ ఆ మాట తీసేయలేదు. గజ్జెపూజ అంటే టెంకాయ కొట్టి ఫొటో దిగడం అనుకున్నట్టున్నాడు. నువ్వు పోయినప్పటి నుంచి జట్టును చూసుకుంటున్నది చిన్న ఈరన్నే కదా, అతన్ని పిలిచాను. గురువారం ఎవరూ తమంతట తాము గజ్జె కట్టుకోవద్దు, గురువే కట్టాలి, గురువే పాట ఎత్తుకొని మొదటి అడుగు వేయాలి, వేయకపోతే ఎవరూ కదలొద్దు అన్నాను. మన పద్ధతికి మించి ఒక్క మాట చెప్పలేదు.

"అక్కా, ఆయప్పకు ఏ కాలు ముందో గూడా తెల్దే" అన్నాడు.

"అందుకే" అన్నాను.

ఆ గురువారం బడి ముందర పదహారు మందీ చెక్కలు పట్టుకొని రెండు వరుసల్లో నిలబడ్డారు. దీపం ముందు చాటలో గజ్జెలు పోశాం. హిమబిందు అని ఆ మేడమ్ చిన్న వయసే. కుర్చీలో కూర్చొని నీ అర్జీ తిప్పి చూసింది.

"గజ్జెపూజ అని రాశారు కదా గురువుగారూ. మొదలుపెట్టండి."

ప్రసాద్ కొత్త పంచె కట్టుకొని వచ్చాడు. టెంకాయ కొట్టి, హారతి ఇచ్చి, జట్టు వైపు తిరిగి "కట్టుకోండప్పా" అన్నాడు. ఒక్కరూ వంగలేదు.

"నువ్వే కట్టాల గదా, గురువా" అన్నాడు ముందు వరుసలో ఉన్న ఏసన్న.

ప్రసాద్ కింద కూర్చొని ఏసన్న ఎడమ కాలు పట్టుకున్నాడు. ఏసన్న ఆ కాలు వెనక్కి తీసుకొని కుడి కాలు ముందుకు పెట్టాడు. గోడ మీద కూర్చున్న ముసలివాళ్ళు నవ్వారు. మన డోలు దాసన్న ఊరుకోలేదు.

"గట్టిగా గట్టప్పా, యూరియా మూటకు గట్టినట్ల!"

ముడి రెండుసార్లు ఊడింది. మూడోసారి నిలిచింది. తర్వాత లేచి పాట ఎత్తుకున్నాడు, సగం చరణంలో ఆపాడు. కాలు లేవలేదు. పదహారు మందీ అతని పాదాల వైపే చూస్తూ నిలబడ్డారు. చెక్క చప్పుడు లేదు. మోకాలు నొప్పి మేడమ్ అన్నాడు. నువ్వు మూటల మీద ఎంతసేపు కూర్చున్నావో అంతసేపు అతను అట్లా నిలబడాలనుకున్నాను. అంతసేపు కాలేదు, పావుగంట.

ఇక్కడితో ఉత్తరం ఆపేస్తే నీకు సంతోషంగా ఉంటుంది. ఆపడానికి లేదు.

మేడమ్ నన్ను బడి వరండాలోకి పిలిచి, అసలు నేర్పింది ఎవరని అడిగింది. మా ఆయన అన్నాను. కువైట్‌లో ఉన్నాడన్నాను.

"మూడు నెలల్లో ఆయన తిరిగి వస్తారంటే గురువుగా ఆయన పేరే రాస్తానమ్మా. జీతం ఆయనకే వస్తుంది. కొత్త సంఘం పెట్టుకోవడానికి గడువు లేదు కాబట్టి, కార్యదర్శిగా ప్రసాద్ గారే ఉండాలి."

ప్రసాద్ వెనకే వచ్చాడు. "వదినా, తప్పయిపాయ. అన్నను పిలిపిచ్చు. ఇది పోతే నా సమితికి ఇంగ ఎవురూ ఏమీ ఇయ్యరు. నీ కాళ్ళు పట్టుకుంటా" అన్నాడు. కళ్ళలో నీళ్ళు. చిన్న ఈరన్న నా పక్కకు వచ్చి "సరేనను అక్కా, అన్న వస్తాడు" అన్నాడు.

"మా ఆయన రాడు మేడమ్. ఆయనకు ఆడనే బాగుండాది" అన్నాను.

అబద్ధమని తెలిసే చెప్పాను. ప్రసాద్ పేరు కింద నీ పేరు ఉండడం నాకు ఇష్టం లేదు. నీ పేరు చెప్పుకొని అతను బయటపడడం అంతకంటే ఇష్టం లేదు. ఆమె అర్జీ మీద అడ్డంగా గీత కొట్టింది. అప్పుడు అతని మొహం చూశాను. నాకు బాగా అనిపించింది. ఈ రోజుకూ బాగానే ఉంది. అది నీ దగ్గర దాచను.

నాలుగు రోజులకు నీ ఉత్తరం వచ్చింది. ఎవరి కింద అయినా సరే, సగం జీతమైనా సరే, గ్రాంటు వస్తే వచ్చేస్తాను, ఇక్కడ ఉండలేకపోతున్నాను అని రాశావు. పన్నెండు రోజులు జవాబు రాయలేదు. "ముందే ఒక్క మాట నన్ను అడిగి ఉంటే బాగుండేది" అని నువ్వు అంటావు. అడిగి ఉన్నా మేడమ్‌కు నేను ఆ మాటే చెప్పేదాన్నేమో, తెలియదు. తిట్టాలనుకుంటే నన్ను తిట్టు. ప్రసాద్‌కు మాత్రం ఫోను చేసి మంచి మాట చెప్పొద్దు.

ఆ గురువారం ప్రసాద్ రెండు గంటలకు పోయాడు. హిమబిందు మేడమ్ మూడున్నర బస్సుకు పోయింది. నువ్వు ఇక రావనుకొని, మొన్న సోమవారం పొద్దున ఆరుంబావు బస్సుకు చిన్న ఈరన్న, ఏసన్న, జట్టులో ఇంకో నలుగురు బెంగుళూరుకు సెంట్రింగు పనికి పోయారు.

ఇట్లు,
శ్రావణి వాళ్ళమ్మ
రామసుబ్బమ్మ