పెట్టెలోంచి లేచిన వంటవాడు

నలభై ఒక్కేళ్ళుగా అలక దిగని మా తమ్ముడికి,

నీకూ నాకూ మధ్య మాటల్లేవు. అయినా నాకు నోరుంది, నా మనవరాలికి చేతిరాత ఉంది. అందుకని చెప్పి రాయిస్తున్నాను. చించేయాలనుకుంటే చదివాక చించు, ముందే చించకు.

మీ బావ ఆపరేటరుగా పనిచేసిన మా హాలును మళ్ళీ తెరిచారు. కుర్చీలు కొత్తవి, పైన రేకులు కొత్తవి, మెట్లు మాత్రం అవే. ఆదివారం మధ్యాహ్నాలు పాత సినిమాలు వేస్తున్నారు. ఈ ఆదివారం వేసేది నువ్వు మధ్యలో లేచి వెళ్ళిపోయిన సిపాయిల సినిమా. గోడ మీద బొమ్మ చూసి నేనే గుర్తుపట్టాను, ఎవరూ చదివి చెప్పక్కర్లేకపోయింది.

"ఇప్పుడు దాన్నెవరు చూస్తారు అమ్మమ్మా? యుద్ధం మీద జోకులేంటి, చచ్చేవాళ్ళని చూసి నవ్వడమేంటి?" అంటోంది మనవరాలు. అచ్చం నీ పోలికే. ఇది కూడా రాయవే, నా మొహం చూస్తావేం.

అసలు ఆ సినిమాలో ఏముందని? ఒకరికొకరు తీసిపోని పనికిమాలిన సిపాయిలు డజనుమంది. మ్యాపు తలకిందులుగా పట్టుకుని సొంత గుడారాన్నే ముట్టడించిన కమాండరు. గరిటెతో సెల్యూట్ కొట్టే లావుపాటి వంటవాడు. వాళ్ళు ఎగతాళి చేసింది చచ్చేవాళ్ళని కాదు, చావమని పంపి వెనకాల కాఫీ తాగేవాళ్ళని. అక్షరం ముక్క రాని నాకే ఆ సంగతి తెలిసింది. యుద్ధం చేసొచ్చిన నీకెందుకు తెలియలేదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

నువ్వు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన ఎనిమిదో రోజు అది. ఎడమ చొక్కా చెయ్యి మడిచి పిన్నీసు పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చునేవాడివి. "నవ్వొస్తుందిరా, రా" అని నేనే లాక్కెళ్ళాను. మొదటి రోజు, మొదటి ఆట, మ్యాట్నీ. నేను ఆడవాళ్ళ గేటు దగ్గర టిక్కెట్లు చింపి, తలుపు వేసి లోపలే నిలబడ్డాను. కమాండరు మ్యాపు తిప్పిన చోట చీకట్లో ఒక నవ్వు వినిపించింది. అంతమందిలోనూ అది నీదని గుర్తుపట్టాను. తడిక పట్టుకుని ఏడ్చాను, సంతోషంతోనే.

ఇంటర్వెల్ అయిన కాసేపటికి వంటవాడికి దెబ్బ తగిలింది, చచ్చిపోయాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది. అక్కడ రీలు అయిపోయి ఇంకో రీలు ఎక్కింది. నలుగురు సిపాయిలు నవ్వు ఆపుకుంటూ శవపెట్టె మోసుకొస్తున్నారు. కమాండరు టోపీ తీసి తల వంచాడు. పెట్టె మూత కదిలింది. వంటవాడు లేచి కూర్చుని గరిటెతో సెల్యూట్ కొట్టాడు. చావలేదు, నాటకమాడాడు. హాలు హాలంతా ఘొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. నువ్వు మాత్రం లేచి నిలబడి ఆపరేటరు గది కిటికీ వైపు తిరిగావు.

"చచ్చినోళ్ళు ఇలా లేచి రారు బావా. శవాల మీద నవ్వులు అమ్ముకుంటున్నావు. థూ, నీదీ ఒక బతుకేనా?"

అంతే. నువ్వు బయటికి నడిస్తే నీ వెనకే నేనూ వచ్చేశాను, మిగతా ఆట చూడలేదు. మర్నాడు ఊరే వదిలేశావు. మీ బావ నీ కోసం మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ తలుపు తీయలేదు. ఆయన పోయిన రోజున కబురు పెట్టినా రాలేదు. ఒక సినిమా కోసం ఇంత పంతమా?

నా మాట విను. సినిమాలోనైనా ఒకడు లేచి వస్తే నీ సొమ్మేం పోయింది? నాకు ఆ వంటవాడే ధైర్యంరా. మీ బావ పోయినప్పుడు కూడా ఆ మూతే గుర్తొచ్చింది, ఆయనా లేస్తాడేమోనని కాసేపు చూశాను. ఆదివారం వచ్చి నా పక్కన కూర్చో. ఆఖరిదాకా చూడు. చూశాక బావ తప్పేం లేదని ఒక్క మాట నీ నోటితో అను. అంతకంటే నాకేం వద్దు.

వేలిముద్ర వేసిన
మీ అక్క

•

తమ్ముడూ,

నువ్వు రాలేదు. పక్క కుర్చీలో నా చేతిసంచి పెట్టి కూర్చున్నాను. ఒకమ్మాయి వచ్చి "ఇక్కడ ఎవరైనా ఉన్నారా అవ్వా?" అంటే "వస్తున్నాడు" అని చెప్పాను. సినిమా సగమయ్యేదాకా అదే మాట చెప్పాను.

ముందు సినిమా సంగతి చెబుతాను. అసలు సంగతి చెప్పడానికి నాకు కాస్త వ్యవధి కావాలి.

సగం పాతబడింది. నర్సుల వెంటపడి చీర కొంగు లాగే సీనుకి ఆ రోజుల్లో ఈలలు పడ్డాయి, నేను కూడా ముసిముసిగా నవ్వినదాన్నే. ఇప్పుడు ఒక్కరూ నవ్వలేదు. మనవరాలు నా వైపు చూస్తే నేను తెర కాకుండా నా చెప్పులు చూసుకున్నాను. నత్తి సిపాయి మీద జోకులు కూడా అంతే, చద్దివాసన కొట్టాయి. పాట అయితే ఎప్పటికీ అయిపోదు. కానీ కమాండరు మ్యాపు తిప్పాడు చూడు, నా ముందు వరసలో ఇరవయ్యేళ్ళ పిల్లలు కుర్చీల్లోంచి జారిపడ్డారు. "మా ఆఫీసులో వీడు ఉన్నాడ్రా" అన్నాడొకడు. తెర మీద వాళ్ళంతా ఎప్పుడో పోయారు, ఆ కమాండరు మాత్రం ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాడన్నమాట.

ఇక అసలు సంగతి. ఇంటర్వెల్ అయింది. నలుగురు సిపాయిలు పెట్టె మోసుకొచ్చారు. ఇదేంటి, ముందే వచ్చింది అనుకున్నాను. సెలవు దొరకని సిపాయిలు కలిసి ఆడిన నాటకం అది. వంటవాడు చచ్చాడని చెప్పి, పెట్టెతోపాటు గేటు దాటాలని వాళ్ళ పథకం. మూత లేచింది, గరిటె లేచింది, అందరూ నవ్వారు. అందులో తప్పు పట్టడానికేం లేదు, ఎవరూ చావలేదు కదా. ఆ తర్వాత రీలులో వాడికి నిజంగా దెబ్బ తగిలింది. దాని తర్వాతి రీలులో అదే పెట్టె, అదే నలుగురు. ఈసారి ఎవరూ నవ్వడం లేదు. కమాండరు మూత మీద వేళ్ళతో తట్టాడు, లేవరా అన్నట్టు. నేను ఎదురు చూశాను. సినిమా అయిపోయి లైట్లు వేసేదాకా చూశాను. వాడు లేవలేదు తమ్ముడూ.

నాకు అంకెలు రావు కదా. మీ బావ ప్రతి రీలు డబ్బా పిడికీ దారం కట్టి ముడులు వేసేవాడు. మూడో రీలుకి మూడు ముడులు, తొమ్మిదో రీలుకి తొమ్మిది. డబ్బాలు వచ్చిన పొద్దున రీళ్ళు తీసి, వెనక్కి చుట్టి, ఏ డబ్బాది ఆ డబ్బాలో పెట్టడం నా పని. ఒకటి మూశాకే ఇంకోటి తెరవాలని ఆయన నియమం. ఆ పొద్దున నువ్వు మ్యాట్నీకి వస్తావో, గోడవైపే తిరిగి ఉంటావో అని నా ప్రాణమంతా ఇంటి మీదుంది. పని త్వరగా తెమిలితే వచ్చి నిన్ను బయల్దేరదీయొచ్చని రెండు డబ్బాలు ఒకేసారి తెరిచాను. తెరిచానని నాకు గుర్తుంది. ఏది ఎందులో పెట్టానో అప్పుడు చూసుకోలేదు. ఆయన ముడులు లెక్కపెట్టి, నన్ను నమ్మి ఎక్కించాడు.

నీకు చావును ముందు చూపించి, తర్వాత దాన్ని వేళాకోళం చేసింది మీ బావ కాదు, ఆ సినిమా తీసినవాళ్ళూ కాదు. నా చేతులు.

ఆయనకు ఆ ఆటలోనే తెలిసింది. ఓనరు గదిలో తల వంచుకుని "పొరపాటు నాదేనండీ" అంటుంటే తలుపు పక్కనే ఉండి విన్నాను, నీ గొడవ గురించే అనుకున్నాను. ఆ సినిమా ఆడిన పది రోజులూ రీళ్ళు నన్ను ముట్టుకోనివ్వలేదు. "నీకు చేతులు నొప్పులు, నేను చుట్టుకుంటాలే" అన్నాడు. నీ మీద బెంగతో ఇంటర్వెల్ తర్వాత నేను హాల్లోకి వెళ్ళేదాన్నే కాదు, అందుకే సరైన వరసలో చూడనే లేదు. నిన్ను వెతుక్కుంటూ వచ్చినప్పుడు కూడా నా పేరు చెప్పి తలుపు తీయించుకోవచ్చు. చెప్పలేదు. అక్కాతమ్ముళ్ళ మధ్య చెడకూడదని, చెడేదేదో తనతోనే చెడనిచ్చాడు. ముప్ఫై అయిదేళ్ళు నాతో కాపురం చేసి, ఒక్క విసురు మాటలో కూడా బయటపెట్టలేదు. నా మీద నాకు ఎంత కోపంగా ఉందో ఆయన మీద అంతకంటే కోపంగా ఉంది.

పోయిన ఉత్తరంలో నిన్ను తప్పు ఒప్పుకోమన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. తిట్టాలనుకుంటే ఇప్పుడు తిట్టు, వినడానికి సిద్ధంగా ఉన్నాను.

మీ అక్క
(వేలిముద్ర రెండుసార్లు పడింది)

•

ఒరే వెధవా,

నీ ఉత్తరం అందింది. మనవరాలు ఒకసారి చదివింది. రెండోసారి చదవమంటే కాగితం నా ఒళ్ళో పెట్టి లేచి వెళ్ళిపోయింది. మూడోసారి పక్కింటి టీచరమ్మతో చదివించుకున్నాను.

గొడవైన రెండేళ్ళకే నీకు తెలిసిందా? పనికి వెళ్ళిన ఊళ్ళో అదే సినిమా వేస్తే, ఒక్కడివే వెళ్ళి, వరస తప్పకుండా ఆఖరిదాకా చూశావా? వంటవాడు లేవకపోయేసరికి అక్కడే కూర్చుని, ఊడ్చేవాళ్ళు వచ్చి లేపేదాకా ఏడ్చావా? రీళ్ళు తారుమారయ్యాయని అప్పుడే అర్థమై, బస్సెక్కి మా హాలు దాకా వచ్చావా? వచ్చి, మెట్ల మీద కూర్చుని బీడీ కాల్చుకుంటున్న మీ బావను రోడ్డు అవతలి నుంచి చూసి, తిరిగి వెళ్ళిపోయావా?

ఎందుకంటే ఆ మాట అన్నావు కనుక. "నీదీ ఒక బతుకేనా" అన్నావు కనుక. అన్న మాటను ఎలా తీసుకోవాలో తెలియక, కోపం పోయినా కోపంగా ఉన్నట్టే బతికావు. ఆయన తలుపు కొట్టిన మూడోసారి, నువ్వు లోపల గడియ మీద చెయ్యి వేసి నిలబడ్డావని రాశావు. ఉన్న ఒక్క చెయ్యీ దాని మీదే ఉందని రాశావు. తీసి ఉంటే ఏమయ్యేదో తెలుసా? ఏమీ అయ్యేది కాదు. "రా బావా" అనేవాడివి. ఆయన చెప్పులు విప్పి లోపలికి వచ్చేవాడు. ఆయన మంచినీళ్ళు అడిగి, వర్షాల గురించి మాట్లాడేవాడు. ఆ మాట ఎత్తేవాడే కాదు. ఆయన సంగతి నాకు తెలియదా?

నేనొకదాన్ని కోపంతో, నువ్వొకడివి సిగ్గుతో, ఆయనొకడు నోరు మూసుకుని. ముగ్గురం కలిసి ఎంత చక్కగా పాడుచేసుకున్నాంరా. నలభై ఒక్కేళ్ళు. ఇందాక దీన్ని తలుచుకుంటే నాకు నవ్వొచ్చింది. ఒట్టు, పగలబడి నవ్వాను, మనవరాలు భయపడింది. నవ్వీ నవ్వీ ఎక్కడ ఏడుపులోకి దిగానో నాకే తెలియలేదు. ఆ సినిమా తీసినవాడెవడో గానీ, సంగతి తెలిసినవాడు.

జనం అడిగారని వచ్చే ఆదివారం మళ్ళీ వేస్తున్నారు. ఆ నర్సుల సీను వచ్చినప్పుడు మనిద్దరం బయటికి వెళ్ళి టీ తాగుదాం. మిగతాది చూద్దాం.

"ఏ మొహం పెట్టుకుని రాను అక్కా" అని ఆఖర్న రాశావు. ఉన్న మొహమే పెట్టుకుని రా. అది ఎలా ఉంటుందో మర్చిపోయి చాలా రోజులైంది, నాకది చూడాలని ఉంది.

నీ
అక్క