ఈగ తలలో పురుగు

జూన్ 1984, శుక్రవారం రాత్రి

నా చేతి మీది దద్దుర్లు చూసి, నా అపార్ట్‌మెంట్ నిండా నల్లులేనని అమ్మ షామ్‌బర్గ్‌లో ఉండే ఆంటీకి ఫోన్ చేసి మరీ చెప్పింది. వాగు దగ్గర నల్ల ఈగల్ని పట్టుకుంటుంటే కుట్టాయని ఎన్నిసార్లు చెప్పాలి? "కళ్ల డాక్టర్‌వి అవుతావనుకుంటే ఈగల్ని పెంచుతున్నావుటే!" అంది.

ఆఫ్రికాలో ఏటి ఒడ్డు మనుషులకు కళ్లు పోతున్నది ఇలాంటి ఈగలు మోసుకొచ్చే పురుగుల వల్లేనని చెప్పాను. "అయితే మాత్రం? కళ్లు చూసేది డాక్టరేగా" అంది.

నేను పనిచేసే లాబ్‌లో ఈగల లార్వాలు నిలవ నీటిలో చచ్చిపోతుంటే, చేపల తొట్టి మోటారు పెట్టి వాగులా నీళ్లు పారించింది నేనే. అవి బతికి ఈగలయ్యాయి, పురుగు పిల్లలున్న రక్తం తాగాయి. ఇవాళ ఒక ఈగ తల విప్పి మైక్రోస్కోప్ కింద పెట్టాను. మరో ఒంట్లోకి దిగడానికి సిద్ధమైన పురుగు మెలికలు తిరుగుతూ బయటికొచ్చింది! మా లాబ్‌లో ఇదే మొదటిసారి. గట్టిగా అరిచేశాను. చూడ్డానికొచ్చిన ప్రొఫెసర్ నా కుర్చీలో కూర్చుని ఇక లేవనే లేదు.

నా మెడికల్ సీటు సంగతి నాన్న గుళ్లో అందరికీ చెప్పుకున్నారు. ఆయన ముఖం ఎలా అయిపోతుందో... అసలు రేపు ఆ మోటారు ఆగిపోతే...

సోమవారం మెడికల్ కాలేజీకి ఫోన్ చేసి సీటు వద్దని చెప్తాను.