లోపల మనిషుండాడు

సోమవారం

చెంగల్రాయుడు గారు పోయి ఏడాది దాటింది. ఆయన రాసిన ప్రోగ్రామే ఇంకా ఈ పాల కేంద్రాన్ని నడుపుతోంది. నల్ల తెర, టైపు చేసే కమాండ్లు — ట్యాంకు నింపడానికొకటి, చల్లబరచడానికొకటి, కడగడానికొకటి... ప్రతిదాని కిందా అదే ఎర్రర్ ముక్క అతికించి ఉంది: తప్పొస్తే చెప్పు, కాసేపు ఆగు, మళ్లీ మొదలుపెట్టు. ఒకచోట రాసి అన్నిటికీ వాడుకోవచ్చు కదా మహానుభావా! చూస్తే ఒళ్లు మండింది. అన్నీ ఒక్క ఫంక్షన్‌లోకి తెస్తాను.

మంగళవారం

కోడ్ సగం తగ్గింది. ప్రాణానికి హాయిగా ఉంది.

'కడుగు'లో ముక్క ఒక్కటే వేరు. తప్పొస్తే మళ్లీ మొదలుపెట్టదు, ఆగిపోతుంది. సందేశం కూడా వింత — "లోపల మనిషుండాడు." పెద్దాయన సరదా అనుకుంటా. తీసేసి అన్నిటితో కలిపేశాను.

బుధవారం

పాతది తుడిచేసి కొత్తది ఎక్కించాను.

ట్యాంకు కడిగే ముందు ఆపరేటర్ మునిరత్నం మూత దగ్గర వంగి కేకేస్తాడు — "చిన్నబ్బా, వచ్చెయ్ రా!" రోజూ ఇదే తంతు. ఎవరా చిన్నబ్బ అంటే నవ్వేసి ఊరుకుంటాడు.

గురువారం

కడుగుతుండగా కరెంటు పోయింది. పలమనేరులో కొత్తేం కాదు. నీళ్లు ఆగాయి. పైపు మూతిలో ఏదో అడ్డం పడిందని మునిరత్నం లోపలికి దిగాడు, నాకు చెప్పకుండా. కరెంటు వచ్చింది. నా ఫంక్షన్ ప్రకారం మళ్లీ మొదలవ్వాలి... సలసల కాగే నీళ్లు. మొదలవలేదు. తెర మీద ఒక్క వరుస.

లోపల మనిషుండాడు.

మునిరత్నం పైకొచ్చి తెర చూసి — "నేను దిగినట్టు దీనికెట్ల దెలిసె మేడమ్?"

శుక్రవారం

ఆ మాట కోడ్‌లో ఎక్కడా లేదు. కంప్యూటర్ అంతా వెతికాను. లేదు.

శనివారం

మునిరత్నం చివరికి నోరు విప్పాడు. చిన్నబ్బ చెంగల్రాయుడు గారి తమ్ముడట. ఇక్కడే పనిచేసేవాడు. ఇలాగే కరెంటు పోయినప్పుడు ట్యాంకులోకి దిగాడు. "కరెంటొచ్చె. మిషను దానంతటదే మళ్లా మొదులుబెట్టె. అన్న ఈడనే, మీరు కూసున్న కుర్చీలోనే ఉండినాడు."

ఆ తర్వాత రాసిన ముక్క అది. నేను సరదా అనుకున్నాను. సిగ్గేసింది, అంతకన్నా భయమేసింది. 'కడుగు' కింద ఆయన రాసింది గుర్తు తెచ్చుకుని, ఆయన రాసినట్టే తిరిగి టైపు చేశాను. కోడ్ పెరిగితే పెరగనీ.

ఆదివారం

కరెంటు ఉంది. తప్పేమీ లేదు. 'కడుగు' కొడితే — లోపల మనిషుండాడు.

మళ్లీ కొట్టాను. అదే.

మునిరత్నం నా పక్కనే నిలబడి ఉన్నాడు. దిగేవాళ్లు ఇంకెవరూ లేరు. వాకిట్లో పాల బండి హారన్ కొడుతూనే ఉంది; ట్యాంకు కడగకపోతే పాలన్నీ విరిగిపోతాయి. హెచ్చరికను దాటేసి బలవంతంగా నడిపించే దారి ఉంది. టైపు చేసి పెట్టాను. ఎంటర్ నొక్కడమే.

"ముందు నువ్వు పిలువు," అన్నాను.

మునిరత్నం మూత వైపు అడుగు కూడా వేయలేదు.

"ఇన్నేండ్లూ పలకడనే ధైర్యంతో పిలిచినా మేడమ్. ఈపొద్దు పలికితే?"