పాలపిట్టకు నాలుగో నంబరా?

షామీర్‌పేట, 12-9-2003

పూజ్యులైన గౌరయ్య మామకు మేనల్లుడు ఎల్లేష్ కోపంతో కూడిన నమస్కారాలు.

దసరా దర్శనానికని మీరు మేడ్చల్‌లో పాలపిట్టను పట్టి పంజరంలో పెట్టారట. వాడకట్టంతా మీ గుమ్మంలో క్యూ కట్టాలట! వన్యప్రాణి చట్టం కరపత్రం చదివాను. నెత్తురు ఉడికింది. సముద్ర దోసకాయ అని ఒక ప్రాణి ఉంది. మెదడు లేదు. అడుగున పడుకొని రోజంతా బురద తింటుంది. భయమేస్తే పేగులు కక్కుతుంది. దానికి పులితో సమానంగా ఒకటో షెడ్యూలు, అన్నిటికన్నా గట్టి రక్షణ! చేలో పురుగులేరే పాలపిట్టకు నాలుగో షెడ్యూలు, ఆపైన మీ పంజరం! ఇదేం న్యాయం? వెంటనే వదలండి.

మీకు విధేయుడు, న్యాయానికి ఇంకా విధేయుడు,
ఎల్లేష్

తా.క. సముద్ర దోసకాయంటే నాకు చిన్నచూపు లేదు. తిన్న బురదను శుభ్రం చేసి వదులుతుంది. మనుషులు ఆ మాత్రం కూడా చెయ్యరు.

మేడ్చల్, 16-9-2003

అల్లుడు ఎల్లేష్‌కు ఆశీర్వాదం. ఈసారికి సగమే.

నా అద్దాలు దొరకక నీ ఉత్తరం మీ అత్త సత్యమ్మ అందరి ముంగట చదివింది. మెదడు లేదు, దినమంతా పండుకుంటది, తింటది... నేను రిటైరై మూడు నెలలు కాలే, గప్పుడే గిట్ల రాస్తవా? పేగుల ముచ్చట నీకెవరు జెప్పిండ్రు? బస్సుల కక్కింది ఒక్కసారే. పిట్టను ఇడువ. ఏం జేస్కుంటవో జేస్కో.

నీ మామ గౌరయ్య

తా.క. మీ అత్త నవ్వుడు ఇంక బంద్ కాలే.

షామీర్‌పేట, 20-9-2003

అపార్థం చేసుకున్న మామకు నమస్కారాలు.

అయ్యో, అది మీ గురించి కాదు! మీకూ దానికీ పోలికే లేదు. దానికి వెన్నెముక లేదు, మీకుంది. అది ఎవరినీ తిట్టదు, ఎవరినీ బంధించదు. పది రోజుల్లో పిట్టను వదలకపోతే మీ గడప ముందు నిరాహార దీక్షకు కూర్చుంటాను.

పోరాటంలో,
ఎల్లేష్

తా.క. దీక్ష మధ్యాహ్న భోజనం తర్వాత మొదలవుతుంది. అత్తకు చెప్పండి.

మేడ్చల్, 26-9-2003

దీక్షల అల్లునికి, ఓడిపోయిన మామ రాసేది.

నిజం జెప్తున్న. నీ మొదటి ఉత్తరం అచ్చిన దినమే మా బిడ్డ సుచిత్ర పంజరం తెరిచింది. పిట్ట ఎగిరిపోయింది. బురద తినేటోడన్నవని రోషమొచ్చి నీకు జెప్పలే. గప్పటిసంది ఖాలీ పంజరం కోసమే కొట్లాడిన. వాడకట్టోళ్లు పిట్టేదని అడుగుతుండ్రు, మస్తు పరేషాన్ ఉన్న. దసరానాడు జల్దీ రా. అందర్ని గుండ్లపోచంపల్లి చేన్ల దిక్కు తోల్కపోయి ఎగిరే పిట్టనే చూపిద్దాం.

పూర్తి ఆశీర్వాదాలతో,
గౌరయ్య

తా.క. బావా, సుచిత్రను రాస్తున్న. పంజరానికి ఉన్నది ఒక్క తీగ ముడి. దానికి షెడ్యూలెందుకు? నువ్వు ఉత్తరం రాసుడు ఇడిసిపెట్టి బస్సెక్కితే ఆ ముడి నువ్వే ఇప్పుతుంటివి. దసరాకు కరపత్రాలు ఇంట్లనే పెట్టి రా. పిట్ట కనవడ్డప్పుడు పైకి చూడాలె, కాగితంలకు కాదు.